పరుగుకు ముందు ఒక గోలీ

మెడల్ ఇంకా నా మెడలోనే ఉంది. నాచారంలో మా ఇంటి బాత్రూంలో నిలబడి కిందికి చూస్తే మూత్రం కాఫీ డికాషన్ రంగులో పడుతోంది. ఆగస్టు నెల ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. అంతకు రెండు గంటల కిందటే జీవితంలో మొదటి మారథాన్ పూర్తి చేశాను. ముందు రోజు తిన్న బీట్‌రూట్ కూర గుర్తొచ్చింది. బీట్‌రూట్ అయితే ఎర్రగా ఉండాలి. ఇది ఎర్రగా లేదని నాకు అప్పుడే తెలుసు. అయినా రెండు చెంబుల నీళ్లు కొట్టి, బయటికొచ్చి, నా భార్య విజయతో అన్నాను: "అయిపోయింది. ఐదు గంటల పదకొండు నిమిషాలు."

"ముఖం అలా పాలిపోయిందేమండీ?" అంది.

"నలభై రెండు కిలోమీటర్లు ఉరికినోని మొఖం గిట్లనే ఉంటది" అన్నాను.

ఆ తర్వాత నేను పరుగెత్తలేదు. దాదాపు మూడేళ్లుగా వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, నా రక్తాన్ని కడిగే యంత్రం పక్కన పడుకుంటున్నాను. ప్రాణం పోయే దశ దాటింది కనుక రాయగలుగుతున్నాను. పరుగెత్తేవాళ్లు ఎవరైనా చదివితే ఒక్క మాట చెప్పాలని రాస్తున్నాను. ఆ మాట చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

*

మాది జనగామ. నేను ఒక దినపత్రికలో ఉప సంపాదకుడిని. జిల్లాల నుంచి వచ్చే వార్తలు దిద్దడం, శీర్షికలు పెట్టడం నా పని. కుర్చీలో కూర్చొని కూర్చొని నలభై ఎనిమిదో ఏట బీపీ వచ్చింది. రోజూ ఒక మాత్ర వేసుకొమ్మని, నడవమని డాక్టరు చెప్పాడు. ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం వెనక రోడ్డు పొద్దున పూట ఖాళీగా ఉంటుంది. అక్కడ నడుస్తుంటే, నన్ను దాటుకుంటూ రోజూ ఒకతను పరుగెత్తేవాడు. సన్నగా, పొడవుగా, మోకాళ్ల దాకా కిందికి దిగిన పాత నిక్కరుతో. ఒక రోజు వెనక్కి తిరిగి చూస్తూనే పరుగెత్తుతూ అన్నాడు: "ఏందన్నా, పెండ్లి ఊరేగింపు లెక్క నడుస్తున్నవ్? జర ఉరుకు."

అతడే యాదగిరి. మోత్కూరు వైపు నుంచి వచ్చాడు. నాచారం పారిశ్రామిక వాడలో మాత్రలు తయారు చేసే ఒక కంపెనీలో ప్యాకింగ్ మెషీన్ నడుపుతాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నన్ను అన్న అన్నాడు, విజయను వదిన అన్నాడు. ఏడాది తిరిగేసరికి అతడి పక్కన నేను ఐదు కిలోమీటర్లు పరుగెత్తగలిగాను. ఒక నోట్‌బుక్ కొని, ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని నిమిషాలు అని రాయడం మొదలుపెట్టాను. మా ఇంట్లో నేను తేదీ తప్పకుండా నింపిన పుస్తకం అదొక్కటే.

మెల్లగా ఆరుగురం జమయ్యాం. బ్యాంకు గుమాస్తా ఉన్నాడు, హబ్సిగూడ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఆయన ఉన్నాడు. యాదగిరి తప్ప అందరం నలభై దాటినవాళ్లమే. ఆదివారం తెల్లవారుజామున స్టేడియం గేటు దగ్గర కలిసి దూరం పరుగుకు వెళ్లేవాళ్లం. బయల్దేరే ముందు మా గుంపుకు ఒక ఆనవాయితీ ఉండేది.

యాదగిరి జేబులోంచి గోలీల స్ట్రిప్ తీసి, ఆర్టీసీ కండక్టర్ లాగా వేళ్ల మధ్య పెట్టుకొని, "టికెట్, టికెట్" అంటూ అందరి ముందుకు వచ్చేవాడు. నొప్పి గోలీ. తలా ఒకటి. ముందే వేసుకుంటే మోకాళ్లు మొరాయించవని అతడి సిద్ధాంతం.

"నాకు పాస్ ఉన్నది" అనేవాడు బ్యాంకాయన.

"ఈ బండ్ల పాసులు నడవయ్ సార్. టికెట్ లేకుంటే దిగి నడిచి రా."

అందరం నవ్వుకుంటూ మింగేవాళ్లం. ఘట్‌కేసర్ దాకా పోయి వచ్చే ఆదివారాల్లో, తిరుగు దారిలో రెండో టికెట్ కూడా ఉండేది. ఆ స్ట్రిప్పులు ఎక్కడివో మాకు తెలుసు. యాదగిరి మెషీన్ మీద అప్పుడప్పుడు రేకు పక్కకు జరిగి, మందు పేరు సగమే పడుతుంది, లేదా తేదీ పడదు. అలాంటివి రిజెక్టు డబ్బాలో వేయాలి. అతడు కొన్ని జేబులో వేసుకునేవాడు. "మందు మంచిదే అన్నా. అచ్చే వంకర" అనేవాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికిపోయి ఇద్దరు కూలీలు ఉద్యోగం పోగొట్టుకున్నారని కూడా చెప్పాడు. అయినా దాన్ని దొంగతనం అని మాలో ఎవరమూ అనుకోలేదు. సూపర్‌వైజర్లు కూడా తీసుకుపోతారట.

ఒక సోమవారం నా నిక్కరు ఉతుకుతూ విజయ జేబులోంచి ఒక ముక్క బయటికి తీసింది. ఆమె తణుకు పక్క పల్లె నుంచి వచ్చి, మా వీధిలోని ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతోంది. దేన్నైనా మొదట చదువుతుంది, తర్వాత మాట్లాడుతుంది.

"ఇదేమిటండీ? పేరు సగమే ఉంది, తేదీ అసలే లేదు. ఇవి మింగి పరుగెడుతున్నారా?"

"అప్పుడప్పుడు."

"బీపీ మాత్ర ఒకటి వేసుకుంటూ, మళ్లీ ఇవెందుకు? ఆరోగ్యం కోసం పరుగన్నారు కదా! ఇక ముట్టనని చెప్పండి."

ముట్టనన్నాను. ఆ తర్వాత స్ట్రిప్ ఇంటికి తేవడం మానేశాను. గోలీలు మానలేదు.

మారథాన్ రోజు మూడు వేసుకున్నాను. బయల్దేరే ముందు ఒకటి, సగం దూరంలో ఒకటి. ముప్పై మూడో కిలోమీటరు దగ్గర తొడలు రాళ్లయ్యాయి. బనియన్ మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. గాలి లేదు, ఉక్క. యాదగిరి నా కోసం వేగం తగ్గించి పక్కనే వస్తున్నాడు.

"ఈడి దాంక వొచ్చి బస్సెక్కుతవా అన్నా? ఇంకో టికెట్ తీస్కో."

చెయ్యి చాపింది నేనే. ఆ విషయం స్పష్టంగా రాయాలి.

*

సోమవారం పొద్దున మంచం దిగలేకపోయాను. తొడలు వాచి బిగుసుకుపోయాయి. విజయ బడికి సెలవు పెట్టి ఆటోలో ఉప్పల్‌లోని ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లింది. వెయిటింగ్ హాల్లో జ్వరాల వాళ్లు, చంకల్లో పిల్లలున్న తల్లులు. గోడకు ఆనుకొని గంటన్నర కూర్చున్నాం. ఎదురుగా ఉన్న ముసలాయన నా మెడల్ గురించి విజయ చెబుతుంటే విని, "అంత దూరం బస్సులు లేవా బిడ్డా?" అన్నాడు. అంత నొప్పిలో కూడా నవ్వొచ్చింది.

డాక్టరు కుర్రవాడు, ఓపికగా అడిగాడు. మూత్రం రంగు చెప్పాను. తల ఎత్తి చూశాడు.

"మాత్రలేమైనా వేసుకున్నారా? నొప్పికి గానీ, ఇంకేదైనా గానీ?"

విజయ నా భుజం పక్కనే నిలబడి ఉంది.

"లేదు" అన్నాను.

"ఖచ్చితంగా?"

"బీపీ మాత్ర తప్ప ఏం లేదు."

విజయ కూడా తల ఊపింది, అవునన్నట్టు. ఆమెకు తెలిసినంతవరకు అది నిజం.

ఎందుకలా అన్నానో చాలా రోజులు నాకు నేను ఒక రకంగా చెప్పుకున్నాను. గోలీలు అంటే స్ట్రిప్ చూపించమంటారు, స్ట్రిప్ అంటే యాదగిరి పేరు వస్తుంది, ఉద్యోగం పోతుంది. 'నాచారం కంపెనీలో మందుల చోరీ' అన్న వార్త, దానికి నేనే పెట్టే శీర్షిక కూడా కళ్ల ముందు కనబడ్డాయి. మందుల షాపులో కొన్నానని అబద్ధం చెప్పినా సరిపోయేది. ముప్పై ఏళ్లు ఇతరుల వార్తల్లో తప్పులు పట్టినవాడికి ఆ ఒక్క వాక్యం తట్టలేదు.

ఆయన సెలైన్ పెట్టించాడు. నొప్పికి ఇంజెక్షన్ రాశాడు. ఆ రోజు రెండు సార్లు, మర్నాడు రెండు సార్లు. ఒంట్లోకి వెళ్లగానే నొప్పి తగ్గేది. హాయిగా ఉండేది కూడా. బుధవారానికి మూత్రం దాదాపు ఆగిపోయింది. కళ్ల కింద నీరు దిగింది, ఉంగరం వేలికి బిగుసుకుంది. గురువారం ఊపిరి అందలేదు. అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి తరలించారు. అంబులెన్స్ హబ్సిగూడ దాటుతుంటే అద్దంలోంచి నేను ఎప్పుడూ పరుగెత్తే ఫుట్‌పాత్ కనబడింది. అంత పొడవుందని అప్పుడే అనిపించింది.

ఆ సాయంత్రం మెడ పక్కన గొట్టం వేసి మొదటిసారి డయాలిసిస్ చేశారు.

*

సెప్టెంబరు, అక్టోబరు నెలలు. అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. బంద్ ఉన్న రోజు ఆటోలూ ఉండవు. యంత్రానికి మాత్రం బంద్ లేదు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఏడింటికి అక్కడ ఉండాలి. యాదగిరి షిఫ్టులు మార్చుకొని తన మోటారు సైకిలు మీద తీసుకెళ్లేవాడు. వెనక నేను పడిపోకుండా తన నడుముకు, నా నడుముకు కలిపి తువ్వాలు కట్టేవాడు. ఒక బంద్ నాడు హబ్సిగూడ దగ్గర జెండాలతో ఉన్నవాళ్లు ఆపారు.

"ఎక్కడికన్నా? ఇయ్యాల బంద్ తెల్వదా?"

"దవాఖానకన్నా. కిడ్నీల పేషెంటు. మనోడే, జనగామ" అన్నాడు యాదగిరి.

వాళ్లు దారి ఇచ్చారు. ఒకతను కొంత దూరం ముందు నడిచి మిగతావాళ్లను పక్కకు జరిపాడు. "నిమ్మలంగ పోన్రి" అన్నాడు. విజయకు ఆ సంగతి చెబితే, "నేను వెనక కూర్చుని ఉంటే ఏ ఊరని చెప్పేవాడో మీ తమ్ముడు" అంది. ఆ నెలల్లో ఆమె వేసిన ఒకే ఒక్క జోకు అది. యాదగిరి కోసం రోజూ ఒక టిఫిన్ డబ్బా ఎక్కువ కట్టేది.

డయాలిసిస్ గది బయట బల్లల మీద ఎప్పుడూ అవే ముఖాలు. కొత్తవాళ్లు మాట్లాడతారు, పాతవాళ్లు మాట్లాడరు. నేను కొత్త కనుక అందరినీ అడిగేవాణ్ణి: మీ కిడ్నీలు ఎప్పుడు పోయాయి, ఎట్లా పోయాయి, ఎవరికైనా తిరిగొచ్చాయా? మూడో ప్రశ్నకు అందరూ పక్కకు చూసేవారు.

అందరికంటే కష్టం దాహం. మూత్రం లేనివాడు తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే ఉండిపోతాయి. రోజుకు మూడు గ్లాసులు. చారు, మజ్జిగ, టీ అన్నీ అందులోనే. ఒకప్పుడు ఆదివారం పరుగు తర్వాత సీసాడు నీళ్లు ఒక్క గుక్కలో తాగినవాణ్ణి. ఇప్పుడు పంపు తిప్పిన చప్పుడు వింటే నాలుక అంగిలికి అంటుకునేది.

భువనగిరి నుంచి బాలమణి అని ఒకామె భర్తను తీసుకొచ్చేది. ఆయన నాలుగేళ్ల నుంచి యంత్రం మీద ఉన్నాడు. ఆమె దగ్గర మూత పగిలి గుడ్డ చుట్టిన చిన్న ఫ్లాస్కు ఉండేది. ఒక రోజు దాంట్లోంచి ఐసుముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"నోట్లేసుకో సారూ. కొరకకు, మింగకు. బుగ్గల పెట్టుకో. గ్లాసెడు నీళ్లకు ఆగని దూప దీనికి ఆగుతది."

నిజమే. ఆ ఒక్క ముక్క అరగంట నిలిచింది.

పెద్దాసుపత్రిలో నన్ను చూసే కిడ్నీ డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. మాట పొదుపు. "ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు కొందరికి కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయి. మూడు నెలలు చూద్దాం. రోజూ మూత్రం కొలిచి రాయండి" అంది. ఇంట్లో పరుగుల నోట్‌బుక్కే ఉంది. ఆగస్టు పేజీలో నలభై రెండు కిలోమీటర్ల కింద గీత గీసి, అక్కణ్ణుంచి మిల్లీలీటర్లు రాయడం మొదలుపెట్టాను. గీతలున్న ప్లాస్టిక్ మగ్గును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకొని చూసేవాణ్ణి. విజయ తలుపు బయటి నుంచి అడిగేది, "ఎంత?" అని.

సెప్టెంబరులో మూడు వందలు. అక్టోబరులో ఒక రోజు మూడు వందల యాభై అయింది; ఆ రోజు విజయ పాయసం వండింది. తర్వాత రెండు వందలు. నూట ఇరవై. దసరా, దీపావళి దాటాయి. తొంభై. డిసెంబరు మొదటి వారంలో నలభై. ఆమె "ఎంత?" అని అడగడం ఏ రోజు మానేసిందో నేను గమనించలేదు. ఆ తర్వాత పేజీలు ఖాళీ.

*

డిసెంబరులో డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇక తిరిగి రాకపోవచ్చు అంది. ఇక ఎప్పటికీ డయాలిసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టించుకోవాలని, కిడ్నీ మార్పిడి గురించి ఇంట్లో వాళ్లతో మాట్లాడాలని చెప్పింది. "మీ కిడ్నీలు అంతకు ముందే కొంత దెబ్బతిని ఉంటాయి. పరుగు ఒక్కటే ఇంత చేయదు. ఇంకేదో కూడా కలిసింది" అంది.

అప్పుడు చెప్పాను. మూడేళ్ల ఆదివారాలు, టికెట్లు, మారథాన్ రోజు మూడు గోలీలు, నర్సింగ్‌హోమ్‌లో "లేదు" అన్న మాట. అంతా చెప్పేసరికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

డాక్టరమ్మ నా పాత కాగితాలు తిరగేసింది. నర్సింగ్‌హోమ్ చీటీ మీద వేలు పెట్టింది. "మీకిచ్చిన ఇంజెక్షన్ కూడా ఆ గోలీ జాతిదే. చెప్పి ఉంటే ఇచ్చేవాళ్లు కాదు."

"ఇవ్వకుంటే కిడ్నీలు దక్కేవా?"

"చెప్పలేను."

"సుమారుగా?"

"చెప్పలేనండీ. ఎవరూ చెప్పలేరు."

మెట్లు దిగేటప్పుడు విజయ రోజూ నా మోచెయ్యి పట్టుకునేది. ఆ రోజు పట్టుకోలేదు. కింద ఆసుపత్రి గేటు దగ్గర ఆగి అంది: "డాక్టరుతో చెప్పలేదు, సరే. ఇంటికొచ్చాక నాతోనైనా చెప్పలేదేమండీ? వెనక్కి పరుగెత్తుకెళ్లి నేను చెప్పేదాన్ని కదా!"

వారం రోజులు అన్నం పెట్టింది, మందులిచ్చింది, మాట్లాడలేదు. యాదగిరి వస్తే తలుపు తీయలేదు. టిఫిన్ డబ్బా కట్టలేదు. అతడు వీధిలోనే బండి మీద కూర్చొని హారన్ కొట్టేవాడు.

ఒక రోజు ఆసుపత్రి ముందు దింపి అడిగాడు. "వదినకేమైందన్నా? నా మొఖం సూస్తలేదు."

చెప్పాను. నీ ఉద్యోగం పోతుందని డాక్టరుకు గోలీల మాట దాచానని చెప్పాను. కృతజ్ఞత లాంటిది చూపిస్తాడని లోపల ఎక్కడో అనుకున్నాను కాబోలు.

అతడు బండి స్టాండు వేశాడు. "నా కోసమా? నేనడిగిన్నా అన్నా గట్ల?"

"నువ్వు అడగలే."

"నాచారంల కంపెనీలకేం కొదువ? ఈడ తీసేస్తే పక్క గేట్ల పెట్టుకుంటరు. నౌకరి పోతే ఇంకోటొస్తది. ఇది వొస్తదా?" నా చెయ్యి పట్టుకొని ఊపాడు. "నా పేరు జెప్పి నువ్వు సల్లగుంటే కాదా?" అంటూ అక్కడే, ఆటోల మధ్య, ఏడ్చాడు.

ఆ రోజు యంత్రం మీద నాలుగు గంటలు ఆలోచించాను. నేను దాచింది అతడి కోసం కాదు; కనీసం మొత్తం అతడి కోసం కాదు. ముట్టనని మాట ఇచ్చిన మనిషి నా భుజం పక్కన నిలబడి ఉంది. ఆమె ముందు అబద్ధాలకోరుగా తేలడం ఇష్టం లేక "లేదు" అన్నాను. ఇంటికెళ్లి ఆమెకు అదే చెప్పాను. "అది నాకు ఆ రోజే తెలిసింది లెండి" అంది. మాట్లాడింది, అంతే చాలనిపించింది.

*

రెండేళ్లు గడిచాయి. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో కోసం తవ్వారు. గుంటలు పోయి స్తంభాలు లేచాయి. ఆసుపత్రికి వెళ్లే అరగంట దారి గంటైంది. ఏ వారానికి ఏ స్తంభం ఎంత లేచిందో డయాలిసిస్ పేషెంట్లను అడిగితే సరిగ్గా చెప్పగలరు.

నా కోసం కిడ్నీ ఇస్తానని విజయ పరీక్షలకు వెళ్లింది. షుగర్ ఉందని తేలింది. అంతవరకు ఆమెకే తెలియదు. పనికిరాదన్నారు. తిరిగొస్తూ ఆటోలో, "ఇప్పుడు ఇంట్లో ఇద్దరం పేషెంట్లం" అంది. జనగామ నుంచి నా తమ్ముడు వచ్చి మొదటి పరీక్ష చేయించుకున్నాడు. రెండోదానికి రమ్మంటే పొలం పనులన్నాడు, తర్వాత ఫోన్ తీయడం తగ్గించాడు. అతడికి ఇద్దరు చిన్నపిల్లలు. అతణ్ణి నేనేమీ అనను. మాకు పిల్లలు లేరు. చనిపోయినవారి అవయవాలు ఇచ్చే ప్రభుత్వ జాబితాలో పేరు రాయించాను. నాది ఎన్నో నంబరో అడిగితే, అలా ఉండదండీ అన్నారు.

బాలమణి భర్త ఒక వేసవిలో పోయాడు. పదిహేను రోజులకు ఏదో కాగితం కోసం ఆమె వచ్చింది. బల్లలన్నీ వెతికి నా దగ్గరికొచ్చి, గుడ్డ చుట్టిన ఆ ఫ్లాస్కు నా ఒళ్లో పెట్టింది. "ఇంటికాడ సూస్తే మనసున పడుతలేదు సారూ. నీకు పనికొస్తది" అంది. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు దాంట్లోంచి నేను ఐసు ఇస్తున్నాను. మూడో ప్రశ్న వాళ్లు అడిగితే నేనూ పక్కకే చూస్తాను.

ఒక ఆదివారం పొద్దున ఆటో మాట్లాడుకొని స్టేడియం గేటు దగ్గరికి వెళ్లాను. గుంపు పెద్దదైంది, పదిహేను మంది దాకా ఉన్నారు. గోలీల సంగతి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. బ్యాంకాయన నా చెయ్యి పట్టుకొని, "మీరు మూడు వేసుకున్నరు కద సార్, నేను సగమే వేసుకుంటున్న" అన్నాడు. యాదగిరి ఆ డిసెంబరు తర్వాత స్ట్రిప్పులు తేవడం మానేశాడు. వాళ్లు షాపులో కొనుక్కుంటున్నారు.

కిందటి నవంబరులో యాదగిరి మా ఇంటికొచ్చాడు. ఈసారి హారన్ కొట్టలేదు, తలుపు తట్టాడు. విజయ తీసింది.

"వదినా, నాది అన్నది ఒకటే గ్రూపు. నాదొకటి ఇస్త."

చుట్టం కానివాడు ఇవ్వాలంటే కమిటీ ముందు కూర్చోవాలని, డబ్బులు తీసుకున్నావా, ఎందుకిస్తున్నావని గుచ్చి గుచ్చి అడుగుతారని చెప్పాను.

"ఏమున్నదన్నా? కంపెనీల గోలీలు ఎత్తుకొచ్చి అన్నకు మింగబెట్టిన, అందుకే ఇస్తున్న అని జెప్త. ఈపారి దాచుడు లేదు."

"మీ ఆవిడ ఒప్పుకుందా?" అని విజయ అడిగింది.

"మూడొద్దులు కొట్లాడింది. నాలుగోనాడు ఒప్పుకున్నది."

విజయ వంటింట్లోకి వెళ్లింది. దాదాపు రెండేళ్ల తర్వాత అతడికి టీ తెచ్చి ఇచ్చింది. అతడు ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని తాగాడు. అతడి పరీక్షలు జరిగిన ఆ పది రోజులు నేను నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలు లెక్కపెట్టుకున్నాను. మళ్లీ రాయాల్సి వస్తే సరిపోతాయా అని.

పరీక్షల కాగితాలు పట్టుకొని ముగ్గురం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత నన్ను కాకుండా యాదగిరిని చూసింది.

"మీరు ఎన్నేళ్లు వేసుకున్నారు ఆ గోలీలు?"

"వారం వారం అమ్మా. ఏడెనిమిదేండ్లు."

"ఇప్పుడు?"

అతడు నా వైపు చూశాడు. "దూరం ఉరికిన నాడు ఒకటి."

"మీరు ఇవ్వడానికి పనికిరారు. మీ కిడ్నీలే బలహీనంగా ఉన్నాయి. గోలీలు పూర్తిగా ఆపండి. మూడు నెలలకు మళ్లీ పరీక్షకు రక్తం ఇవ్వండి. జబ్బు తగ్గుతోందో పెరుగుతోందో అప్పుడు తెలుస్తుంది."

"నాకేమైందమ్మా? మొన్ననే ఇరవై కిలోమీటర్లు ఉరికిన. నొప్పి లేదు, నొవ్వు లేదు."

"ఈ జబ్బుకు నొప్పి ఉండదు" అంది.

బయటికొచ్చాక బండి తాళం చెవి చాలాసేపు దొరకలేదు అతడికి. చేతిలోనే ఉంది.

*

ఈ జూన్ రెండున తెలంగాణ వచ్చింది. ఆ రోజు సోమవారం, నా యంత్రం రోజు. పొద్దున్నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డు నిండా బాణసంచా, గులాబీ రంగు గులాల్. డయాలిసిస్ గదిలో నర్సు అందరికీ తలా ఒక లడ్డూ ముక్క పెట్టింది, గోరంత. సాయంత్రం యాదగిరి ఇంటికొచ్చాడు. జుట్టు నిండా రంగు. విజయకు దూరం నుంచే దండం పెట్టి, "వదినా, ఇంక నువ్వు మా రాష్ట్రపోల్ల కోడలివి" అన్నాడు.

"ఇరవై ఏళ్ల నుంచి అదే కదయ్యా చేస్తున్నాను" అంది.

అతడు నవ్వాడు. చెంపలు కొంచెం ఉబ్బినట్టు నాకనిపించింది. రంగు వల్ల కావచ్చు.

"రక్తం ఇచ్చినవా?" అని అడిగాను.

"ఇస్తనన్నా. ఫికర్ జెయ్యకు. ఈ పండుగ గడవనీ."

ఫిబ్రవరిలో బతుకమ్మ లేదు, బోనాలు లేవు. అప్పుడు షిఫ్టులు కుదరలేదన్నాడు. ఏప్రిల్‌లో మెషీన్ కొత్తది వచ్చిందన్నాడు. రాసిచ్చిన చీటీ నా దగ్గరే ఉంది, నోట్‌బుక్‌లో, మిల్లీలీటర్లు ఆగిపోయిన పేజీలో. రెండుసార్లు వెంట వస్తానన్నాను. రెండుసార్లూ ఆ పూట అతడు కనబడలేదు.

జాబితా నుంచి నాకు ఇంతవరకు పిలుపు రాలేదు. మొన్న ఆదివారం పాల ప్యాకెట్ కోసం వెళ్లిన విజయ, మా వీధి చివర యాదగిరి ఉప్పల్ వైపు పరుగెత్తుతూ వెళ్లడం చూసిందట. మూడు నెలలకు ఇవ్వాల్సిన రక్తం ఏడు నెలలైనా అతడు ఇవ్వలేదు.